మాగేసిన గడ్డిలో రెక్కల తొండ

రెండు వేల ఆరో సంవత్సరం, మే నెల మూడో ఆదివారం, పగలు పదకొండుంబావు. గోడ గడియారం, నా చేతి గడియారం రెండూ చూసి చెబుతున్నాను. ఆ సమయానికి కడప నుంచి వచ్చిన డెబ్బయ్యెనిమిదేళ్ళ ముసలమ్మ ఒకామె, మా ఇంట్లో మామిడికాయలు మాగేసిన గదిలో గొంతుక్కూర్చుని, గడ్డిలోకి మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి, మా అబ్బాయి పెళ్ళిని బయటికి లాగింది. నిలబెట్టడానికి లాగిందో పడగొట్టడానికి లాగిందో ఆ క్షణంలో మాలో ఎవరికీ తెలియదు.

మాది బనగానపల్లె పక్కన. నలభై ఏళ్ళు నాపరాళ్ళ పని చేశాను. మొదట గనిలో బండలు తీశాను, తర్వాత పాలిష్ మిషన్ల దగ్గర ఏరాను, చివర్లో లారీలకు సర్దాను. చిన్నప్పుడు చదువు లేదు. యాభై రెండో ఏట మా ఫ్యాక్టరీ షెడ్డులో సాయంత్రం బడి పెడితే అక్కడ అక్షరాలు దిద్దాను. అప్పటినుంచి కనపడిందల్లా చదువుతాను. బస్సుల మీద రాసినవి, ఎరువుల సంచుల మీద రాసినవి, పెళ్ళిపత్రికల్లో చిట్టచివరి పేరు దాకా వదలను. పొద్దున పేపర్లో జిల్లా పేజీ గట్టిగా చదవకపోతే నాకు టీ గొంతు దిగదు. ఆ పేజీలో తరచుగా ఒక వార్త వస్తుంది. ఫలానా తోటలో పేకాట, పోలీసుల దాడి, ఇంతమంది అరెస్టు. పక్కన ఫోటో. దుప్పటి మీద ముక్కలు, వెనక వరుసగా కూర్చోబెట్టిన మగవాళ్ళు. ఆ ముఖాల్లో తెలిసినవాళ్ళెవరన్నా ఉన్నారా అని వెతకడం, ఉంటే వీధంతా వినపడేలా చెప్పడం నాకు అలవాటు.

అటువంటి నాకు ఒక్కడే కొడుకు. బెంగళూరులో కంప్యూటర్లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. తాగడు, పొగ తాగడు, గట్టిగా మాట్లాడడు. అంతవరకు బాగానే ఉంది.

దానికి మూడేళ్ళ ముందు నా కంటి ఆపరేషన్ కోసం బెంగళూరు పోయి వాడి గదిలో నాలుగు రోజులున్నాను. ఆదివారం పొద్దున వాడి స్నేహితులు ముగ్గురు వచ్చారు. ముగ్గురూ ఉద్యోగస్తులే, ముగ్గురూ కళ్ళద్దాలవాళ్ళే. వచ్చీ రాగానే నేల మీద దుప్పటి పరిచారు. దుప్పటి చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. తలా ఒక డబ్బా తీశారు. డబ్బాల్లోంచి ముక్కలు తీశారు. కలిపారు, కోశారు, పట్టుకున్నారు. నాకు ఒక కంటికి కట్టు ఉంది. అయినా అది చూడటానికి ఒక కన్ను చాలు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"ఆట నాయనా. పేక కాదు."

"పేక కాకుంటే కోసేదెందుకురా?"

"ముందే తెలిసిపోతే ఆటేముండాది నాయనా?"

"పోలీసులు పట్టుకపోయినోళ్ళు గూడ అదే చెప్తారు."

వాడి ముక్కలు ఒక్కొక్కదానికి ఒక ప్లాస్టిక్ తొడుగు. మా ఇంట్లో రేషన్ కార్డుకు కూడా తొడుగు లేదు. ఆట అయిన తర్వాత ఒక కళ్ళద్దాల పిల్లోడు మావాడి దగ్గరున్న ఏదో ఒక ముక్క కోసం గంటసేపు బతిమాలాడు. మావాడు ఇవ్వనన్నాడు. ఆ పిల్లోడు దానికి బదులు రెండిస్తానన్నాడు. మావాడు ఆలోచించాడు. సంతలో ఎద్దు పళ్ళు చూసేవాడు కూడా అంతసేపు చూడడు, వీళ్ళు ముక్క అంచులు చూశారు, మూలలు చూశారు, వెలుతురుకు పెట్టి చూశారు. చివరికి ఒక ముక్కకు మూడు ముక్కలు మార్చుకుని, ఎవరికి వాళ్ళు ఎదుటివాణ్ణి ముంచామన్న సంతోషంతో విడిపోయారు. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఒక్క మాటే చెప్పాను. "నీ కొడుకు ఆడతాండాడు." ఆమె రెండు రోజులు అన్నం తినలేదు. తర్వాత తిన్నది. ఆ మూడేళ్ళలో వాడు ఇంటికి వచ్చినప్పుడు ఆ ఆట సంగతి ఎత్తబోతే నేను పేపర్ తెరిచి పేకాట వార్త వెతికి మరీ చదివేవాణ్ణి. వాడు ఆగిపోయేవాడు.

వాడికి ముప్పై రెండేళ్ళు వచ్చాయి. సంబంధాలు ఆరు తప్పిపోయాయి. ఒకరికి వాడి జుట్టు చాలలేదు, ఒకరికి మా స్నానాల గది దూరమైంది, ఒకరు నేను ఎక్కువ మాట్లాడతానన్నారు. ఏడోది మా బామ్మర్ది తెచ్చాడు. ఆయన కోయిలకుంట్లలో ఉంటాడు, సంబంధాలు కలపడంలో తనంతవాడు లేడనుకుంటాడు. పిల్లది కడప, బ్యాంకులో ఉద్యోగం. వాళ్ళ నాయనకు విత్తనాల అంగడి. మేము పోయి చూశాము. పిల్ల, మా అబ్బాయి మిద్దె మీదికి పోయి అరగంట మాట్లాడుకున్నారు. తిరుగు ప్రయాణంలో మైదుకూరు దాటేదాకా వాడు కిటికీలోంచి బయటికే చూశాడు. దాటాక తనంతట తానే అన్నాడు.

"నాయనా, ఈ పిల్లయితే చేసుకుంటా. ఇది తప్పిపోతే ఇంగ నాకు చూడొద్దు."

వాడు పుట్టినప్పటినుంచి నన్ను ఇది కావాలని అడిగింది రెండే. ఒకటి పదో తరగతిలో సైకిలు, రెండోది ఇది. సైకిలు నేను కొనలేదు.

మా బామ్మర్ది అప్పుడు అసలు సంగతి చెప్పాడు. "బావా, వాళ్ళింట్లో పేక అనే మాటే ఎత్తగూడదు. ఆ పిల్ల తాత పన్నెండెకరాలు పేకలో పోగొట్టినాడు. ఆయన పాయ, ముసలమ్మ ఉండాది. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. మీవాడు ఆడతాడని తెలిస్తే జీపు దిగకుండానే పోతారు."

వాళ్ళు ఇల్లు చూడటానికి వస్తామన్నది ఆ ఆదివారం. మా వైపు ఇల్లు చూడటమంటే గోడలు చూసి పోవడం కాదు. ఆడవాళ్ళు బీరువా తెరిపిస్తారు, వంటింట్లో మూతలు ఎత్తుతారు, పెరట్లో బావి లోతు అడుగుతారు, మంచం కింద కూడా వంగి చూస్తారు. పిల్ల ఎక్కడ బతకబోతుందో చూసుకోవడం వాళ్ళ హక్కు. ఎవరూ తప్పు పట్టరు.

మావాడు శనివారం సాయంత్రం దిగాడు. భుజాన సంచి, చేతిలో పొడుగాటి అట్టపెట్టె. ఎప్పుడూ తేనివాడు ఆ రోజే ఎందుకు తెచ్చాడో మేము అడగలేదు. ఆదివారం ఎనిమిదింటికి వాడు క్షవరానికి పోగానే మా ఆవిడ పెట్టె మూత తీసి చూసింది. నిండా ముక్కలు.

"వాళ్ళొచ్చేది పదింటికి. దీన్ని యాడన్నా పెట్టు," అన్నది.

"పక్కింట్లో ఇద్దామా?"

"పక్కింటామెకా? అంతకంటే మైకులో చెప్పు."

బీరువా కాదు, మంచం కింద కాదు, వంటిల్లు అసలు కాదు. మిగిలింది కాయల గది. మా తోటవి కాదు, తెలిసినవాళ్ళ తోటలో కొన్న కాయలు. నేల మీద వరిగడ్డి పరిచి, ఒక వరుస కాయలు, మళ్ళీ గడ్డి, మళ్ళీ కాయలు. ఆ గదిలో చూడటానికి ఏముంటుంది? కాని పెట్టె గడ్డి కంటే ఎత్తు. అందుకని నేను ముక్కలు బయటికి తీసి, కట్టలు కట్టి రబ్బరు బ్యాండ్లు వేసి, గడ్డి పొరల మధ్య పండబెట్టాను. నలభై ఏళ్ళు లారీల్లో బండకూ బండకూ నడుమ గడ్డి కూరి సర్దిన చెయ్యి ఇది. మద్రాసు దాకా పోయినా ఒక్క అంచు విరిగేది కాదు. కట్ట కదలకుండా, ఒకదానిమీద ఒకటి బరువు పడకుండా, గోడ పక్కన ఒక వరుస, నడిమధ్య ఒక వరుస పెట్టి చూసుకుంటే నాకే ముచ్చటేసింది. ఖాళీ పెట్టె చించి పొయ్యిలో పెట్టాము.

పదింటికి వచ్చారు. పిల్ల నాయన, పిల్ల అమ్మ, ముసలమ్మ. వాళ్ళతో జీపు డ్రైవరు. మా బామ్మర్ది అప్పటికే కోయిలకుంట్ల నుంచి వచ్చి ఇస్త్రీ చొక్కాలో కూర్చుని ఉన్నాడు. ముసలమ్మ చిన్న మనిషి, పక్షిలా ఉంటుంది. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి కూర్చోకుండా ఇల్లంతా తిరిగింది. చింతపండు జాడీ మూత ఎత్తి వాసన చూసింది. దిండు కింద చూసింది. నేల మీద పరిచిన బండలు కాలితో తట్టి, "మంచి రాయి" అన్నది. అప్పుడు నాకు ఆమె మీద గౌరవం పుట్టింది.

కూర్చున్నాక నన్నడిగింది. "అబ్బాయికి అలవాట్లేమన్నా ఉండాయాప్పా?"

"కాఫీ ఉండాది. అది గూడ సక్కెర తక్కువ."

"సిగిరెట్టు?"

"ల్యా."

"ఇస్పేటాకులు?"

పేకను వాళ్ళ వైపు అలాగే అంటారు. మా ఆవిడ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. నేను ముఖంలో ముఖం పెట్టి చెప్పాను. "మా ఇంట్లో ఆ ముక్క అనేది గడప దాటి రాలేదత్తా."

"ఇంగా అత్తను కాలేదులే," అన్నది ముసలమ్మ.

సరిగ్గా అప్పుడే మావాడు క్షవరం చేయించుకుని, తల స్నానం చేసి, మధ్య గదిలోంచి వచ్చాడు. "నాయనా, నా పెట్టె యాడ..." అని మొదలుపెట్టాడు. మా ఆవిడ వాడి నోట్లో ఒక లడ్డు పెట్టి, "నిమ్మకాయ సోడాలు తేపో నాయనా, ఎండనబడి వచ్చినారు" అని వీధిలోకి తోసింది. వాడు లడ్డు నముల్తూ పోయాడు.

అంతా బాగా నడుస్తూ ఉంది. మా ఆవిడ గడియారం చూస్తూ ఉంది, ఎందుకంటే ఆదివారం పన్నెండు నుంచి ఒకటిన్నర దాకా యమగండం. ఆ లోపలే వాళ్ళు మాట చెబితే మంచిది. అప్పుడు ఆ మాటా ఈ మాటా వచ్చి మామిడికాయల మాట వచ్చింది. వచ్చినవాళ్ళను ఉత్త చేతులతో పంపించం కదా, రెండు డజన్లు కట్టిస్తానన్నాను.

"నువ్వు కట్టిస్తే యే కాయ కట్టిస్తావో నాకు తెల్దా? నేనే ఏరుకుంటా," అని ముసలమ్మ లేచింది.

మేము ముగ్గురం ఒక్కసారే లేచాము. "మీరెందుకు వంగేది అత్తా, నడుము నొస్తాది" అని మా బామ్మర్ది, "ఆ గదిలో చీమలుండాయి" అని మా ఆవిడ. చీమలున్న గదిలో పెట్టిన కాయలు మాకిస్తారా అని పిల్ల అమ్మ అన్నది.

ముసలమ్మ కాయల గదిలోకి పోయి కూర్చుంది, గడ్డిలోకి చెయ్యి పోనిచ్చింది. ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన పెట్టింది. రెండోది తీసింది. మూడోసారి చెయ్యి లోపల ఆగింది. బయటికి వచ్చేటప్పటికి చేతిలో ఒక కట్ట. రబ్బరు బ్యాండు తెగింది. పైముక్క మీద రెక్కలున్న పెద్ద తొండ ఒకటి, నోట్లోంచి మంట.

"ఏమప్పా," అన్నది నా వైపు తిరిగి, "ఇది యే రకం కాయ?"

మా బామ్మర్దికి నోరు ఊరుకోదు. "కాయలు తొందరగా మాగను కాగితం పెడతారత్తా మా పక్క."

"తొండ బొమ్మ కాగితమా?"

ఆమె మళ్ళీ చెయ్యి పెట్టింది. రెండో కట్ట, మూడో కట్ట, నాలుగో కట్ట. నాలుగోదానికి కాయ సొన అంటుకుని ఉంది. ఆమె ఆయాసపడింది. "ఇంగ యాడుండాయో చెప్పు, నడుము పోతాంది."

"గోడ పక్కన ఇంగో వరస ఉండాది," అన్నాను.

"బాగా సర్దినావే."

"లారీల పని చేసినోణ్ణి."

పిల్ల అమ్మ కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. "పోదాం పా అత్తా. మళ్ళా ఆ కొంపే కావాల్నా మన పిల్లకు?" పిల్ల నాయన డ్రైవరును లేపడానికి బయటికి అడుగు వేశాడు. వాకిట్లో మావాడు, రెండు చేతుల్లో నాలుగు సోడాలు. ఒడి నిండా తన ముక్కలు పెట్టుకున్న ముసలమ్మను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ ముక్కలకంటిన గడ్డిని చూశాడు. వాడి ముఖం అలా అయిపోవడం నేను సైకిలప్పుడు కూడా చూడలేదు.

"రా నాయనా," అన్నది ముసలమ్మ. "నీ పెట్టెలోవి ఇవేనా?"

"ఇవే అవ్వా. గడ్డిలోకి ఎందుకు పాయనో నాకు తెల్దు."

"నాకు తెలుసులే." ఆమె కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఏడవగాకు. మన పిల్ల నాకు అంతా చెప్పింది. మిద్దె మీద అర్ధగంట ఈ అబ్బాయి ఈ ముక్కల సంగతే చెప్పినాడంట. 'జేజీ, ఇస్పేటాకులంటే నీకు తెలిసినంత ఎవరికీ తెల్దు, పోయి చూసి రా, నువ్వు కాదంటే నేనూ కాదంటా' అనింది. నాకు చూపించను పెట్టె తెస్తానని ఆ పిల్లతో అన్నది గూడ ఈ అబ్బాయే. నేనొచ్చింది కాయలకు కాదు, ఇల్లు చూడనూ కాదు. దీనికే."

మా ఆవిడ గోడ పట్టుకుని అక్కడే కూర్చుంది. నేను అబద్ధం చెప్పినంతసేపూ ఈమెకు నిజం తెలుసన్నమాట.

"ముక్కలంటే నాకు బయం లేదప్పా," అని ముసలమ్మ నాతో అన్నది. గొంతు పెంచలేదు. "దాచేదంటే బయం. నా మొగుడు గూడ దాచినాడు. జొన్నల గుమ్మిలో. నేను జొన్నలకని చెయ్యి పెడితే కట్ట తగిలింది, అప్పటికే పన్నెండెకరాలు పోయిండాది. ఇయ్యాల గడ్డిలో చెయ్యి పెడితే నాకు అదే తగిలినట్లయింది."

ఏం చెప్పేది? చెప్పాను. "నిజమే. అబద్ధం చెప్పినా. వాడు దాచలేదు, నేను దాచినా. తిట్టేదుంటే నన్ను తిట్టి పో, వాణ్ణి కాదు."

"తిడతాలే, యాడికి పోతావు. ముందు ఇవి ఏందో చెప్పు."

"నాకు తెల్దు."

"మూడేండ్లుగా నీ కొడుకు ఆడతాంటే తెల్దా?"

"అడగలేదు."

ఆ మాట బయటికి వచ్చాక గాని అది ఎంత చిన్న మాటో నాకు తెలియలేదు. ఎరువుల సంచి మీద రాసింది చదివిన మనిషిని, కొడుకు చెప్పేది వినలేదు.

ముసలమ్మ ముక్కలు విసనకర్రలా విప్పింది. మా బామ్మర్ది నా చెవిలో, "ఆ పట్టు చూసినావా బావా" అన్నాడు. ఆమె వేళ్ళు డెబ్బయ్యెనిమిదేళ్ళ వేళ్ళు కావు. "రాజు యాడ? రాణి యాడ? ఆటీను ల్యా, కళావరు ల్యా. జోకర్లు గూడ ల్యా. దీంతో మూడు ముక్కలాట పోదు, రమ్మీ పోదు. నాలుగు చేతులాట అసలే పోదు."

"నీకు ఇన్ని ఆటలు ఎట్ల తెలుసమ్మా?" అన్నాడు పిల్ల నాయన.

"మీ నాయన ఎందుకు ఓడిపోతాండాడో తెలుసుకోను నేర్చుకున్యా. నువ్వు ఊరుకో." మావాడి వైపు తిరిగింది. "కూసో. ఆడి చూపీ."

అప్పటికి పన్నెండు కావడానికి అయిదు నిమిషాలు. మా ఆవిడ నసిగింది, "యమగండం వస్తాది, ఏదో ఒక మాట..." అని.

"వస్తే రానీ. ఒకటిన్నర దాకా ఎవరూ మంచీ చెడూ మాట్లాడద్దు. అంతదాకా ఆట చూస్తా. దుప్పటి పరచండి."

దుప్పటి. నేనే పరిచాను. నా చేత్తో.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరికి ఏడు ముక్కలు. కొన్ని భూమి ముక్కలు: కొండ, అడవి, ఏరు, మెట్ట. కొన్ని ప్రాణులు. ముందు భూమి పరవాలి. చేతిలో ఎంత పెద్ద రాక్షసుడున్నా సరే, భూమి లేకుండా బయటికి రాడు. నీళ్ళ రాక్షసుడికి ఏరు కావాలి, రెక్కల తొండకు కొండ కావాలి.

"ఏరు రాకుంటే?" అన్నాడు పిల్ల నాయన.

"చేతిలోనే ఉంటాడు మామా. రాడు."

"అట్లయితే మన పక్క వాడు పుట్టేదే లేదు."

ఒకసారి వాడుకున్న భూమిని పక్కకు తిప్పి పెట్టాలి, మళ్ళీ మన వంతు వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు అని వాడన్నాడు. "బీడు పెట్టినట్ల," అన్నది ముసలమ్మ. వాడు ఆమె వైపు చూసి, "అదే అవ్వా. మా ఆఫీసులోవాళ్ళకు ఇది చెప్పను నాకు రెండు గంటలు పట్టింది," అన్నాడు.

"వాళ్ళకు సేద్యం తెల్దు కదా. ఆట అయిపోయినాక నా భూమి నీకు పోతాదా?"

"పోదవ్వా. యెవరి భూమి వాళ్ళకే."

ఆమె ఆ భూమి ముక్కల మీద చెయ్యి పెట్టింది. "నా మొగునికి ఈ ఆట ఎవురూ నేర్పకపాయ," అన్నది.

మొదటి ఆట. ఆమెకు ఏడు ముక్కలూ భూమే వచ్చాయి. "ఏడెకరాలు ఇచ్చినావు, దున్నను ఒక ఎద్దు ల్యా!" అని అరిచింది. ఓడిపోయింది. రెండో ఆటలో రెక్కల తొండ వచ్చింది, కొండ రాలేదు. ప్రతిసారీ కొత్త ముక్క తీసి, "మళ్ళీ మెట్టే! మెట్టే!" అని నెత్తి కొట్టుకుంది. కరివేపాకు కోసం వచ్చిన పక్కింటామె గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. దుప్పటి, ముక్కలు, చుట్టూ మేము. నాకు రేపటి పేపరు కనపడింది. "ఏందిది, పేకాటా?" అని అడిగింది. "సేద్యం," అన్నాడు పిల్ల నాయన కళ్ళెత్తకుండా. ఆయన అప్పటికి వాళ్ళమ్మ వెనక కూర్చుని ముక్కలు వేలితో చూపిస్తూ తిట్లు తింటున్నాడు. పక్కింటామె కరివేపాకు మాట మరిచి కూర్చుంది.

రెండో ఆట కూడా ముసలమ్మ ఓడిపోయింది. మూడో ఆటలో ఆమెకు కొండలు వచ్చాయి, తొండ దిగింది, ఆమె ముఖం పాతికేళ్ళ పిల్ల ముఖమైంది. మా ఆవిడ మావాడి వెనక చేరి వీపు మీద గిచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మావాడు తిరిగి అందరికీ వినపడేలా అడిగాడు.

"ఏందమ్మా గిచ్చుతాండావు?"

ముసలమ్మ ముక్కలు దించింది.

"ఓడిపొమ్మంటాంది మీయమ్మ. నన్ను గెలిపిస్తే నేను మెత్తబడతానని. నువ్వేమంటావు?"

వాడు నన్ను చూశాడు. నేను కళ్ళు దించుకున్నాను. ఇది తప్పిపోతే ఇంక చూడొద్దన్న పిల్ల సంగతి అది. వాడికి తెలుసు, నాకు తెలుసు.

"ఓడిపోను అవ్వా," అన్నాడు. "కావాలని ఓడిపోతే మీకు తెలిసిపోతాది. తెలవకపోయినా అట్ల ఆడగూడదు. అది ఆట కాదు."

"అయితే ఆడు."

ఆడాడు. రెండు వంతుల్లో ఆమె తొండను తీసి పక్కన పెట్టించి మూడో ఆట కూడా గెలిచాడు. ఒక్క పాయింటు కూడా వదలలేదు. మా ఆవిడ కళ్ళు మూసుకుంది. మా బామ్మర్ది చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ముసలమ్మ ముక్కలన్నీ చేర్చి, అంచులు సమం చేసి, వాడి చేతిలో పెట్టింది. "మా ఇంట్లో ఇరవై ఏండ్లు ఆట జరిగింది. వచ్చినోళ్ళందరూ నా మొగుణ్ణి మొదట గెలిపించినోళ్ళే. గెలిపించి గెలిపించి పన్నెండెకరాలు తినినారు. మొగం మీద ఓడగొట్టినోణ్ణి ఇయ్యాలే చూస్తాండా." అని కొడుకుతో, "యాడ నీ సెల్లు? టైమెంత?" అన్నది.

"ఒకటీ పదిహేను."

"ఇంగా యమగండమే. ఇంగో ఆట యెయ్యి నాయనా."

నాలుగో ఆట కూడా ఓడిపోయింది. ఒకటిన్నర దాటిందని మా ఆవిడ చెప్పగానే సెల్లు తీసుకుని కడపకు చేసి, ఊరందరికీ వినపడేలా మాట్లాడింది. "అమ్మీ, నాలుగాటలు ఓడిపోయినా. అబ్బాయి మంచోడు. వాళ్ళ నాయన కొంచెం తేడా." అవతల పిల్ల నవ్వడం మాకందరికీ వినపడింది. మావాడు సోడా తాగబోయి చొక్కా మీద పోసుకున్నాడు.

తర్వాత నన్ను పిలిచింది. "ఇప్పుడు నిన్ను తిడతా. కాదు, తిట్టను. నీకు చదువొచ్చని మీ బామ్మర్ది శానా చెప్పినాడు. కాగితం తీసుకో. ఈ ఇంట్లో ముక్కలు గాని మరొకటి గాని మా పిల్ల దగ్గర దాచమని రాసియ్యి. ఆ ముక్కలు నడింట్లో అల్మారాలో అందరికీ కనపడేతట్ల ఉండాలని గూడ రాయి. తారీఖు పెట్టు, టైము పెట్టు, ఎవరెవరు ఉండారో అందరినీ రాయి. నోటి మాట నాకు వద్దు, నీది అసలే వద్దు."

"రాస్తా అత్తా," అన్నాను. ఈసారి ఆమె ఏమీ అనలేదు.

నాలుగు వాక్యాలు రాయడానికి నాకు అరగంట పట్టింది. పెళ్ళి శ్రావణంలో జరిగింది. ఆ కాగితం ఇప్పటికీ కడపలో వాళ్ళ బీరువాలో ఉందట. అందులో పేర్లు రాశాను, ఇక్కడ వరుసలు రాస్తున్నాను. ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: రాసిన నేను. వీపు గిచ్చిన నా భార్య. గెలిచిన మా అబ్బాయి. కాయలు మాగడానికి కాగితం పెడతారన్న మా బామ్మర్ది. సేద్యమన్న పిల్ల నాయన, అప్పటికి కళ్ళు తుడుచుకుని మా ఆవిడతో కలిసి చిత్రాన్నం కలుపుతున్న పిల్ల అమ్మ. నాలుగు ఆటలు ఓడిపోయిన ముసలమ్మ. కరివేపాకు తీసుకోకుండానే పోయిన పక్కింటామె. జీపులో నిద్రపోయిన డ్రైవరు. అతను ఏమీ చూడలేదు కదా అన్నాను గాని, వచ్చినాడు కదా, రాయి అన్నది ముసలమ్మ.